ఒకటే తీగ, రకరకాల చుట్టలు: వేప్ కాయిల్స్ మధ్య తేడా ఏంటి?

పోయిన నెల కడపలో మా ఖాలా ఇంట్లో ఉండగా దుబాయ్ నుంచి ఆమె కొడుకు వీడియో కాల్ చేశాడు. మాట్లాడుతూ ఫోన్ టేబుల్ మీద ఆనించాడు. వెనకాల చిన్న చిన్న తీగ చుట్టలు, స్క్రూడ్రైవర్, కట్టర్, దూది ఉండ కనిపించాయి. "ఏందిరా, ఫ్యాన్ రిపేరు పని కూడా పెట్టుకున్నావా?" అని అడిగింది ఖాలా. "ఫ్యాన్ కాదు అమ్మీ, వేప్ కాయిల్స్. నేనే చుట్టుకుంటా" అని నవ్వాడు. కాల్ అయిపోయాక ఆమె నా వైపు తిరిగి, "సిగరెట్ మానేశా అన్నాడు కదా, మరి ఈ తీగలేంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి గంటకు పైగా మాట్లాడా. ఆ తర్వాత కూర్చుని చదివా కూడా.

ముందు చట్టం సంగతి. యూఏఈలో ఈ-సిగరెట్ల అమ్మకానికి 2019లో అనుమతి వచ్చింది. అదే ఏడాది మన దేశం వీటిని నిషేధించింది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. నిల్వ తప్ప మిగతావాటిలో మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అక్కడ షాపులో బిల్లు ఇచ్చి అమ్మే వస్తువును ఈద్‌కి వచ్చేటప్పుడు బ్యాగులో వేసుకుంటే, శంషాబాద్‌లో దిగేసరికి అది నిషేధిత సరుకు. గల్ఫ్ అంతా కూడా ఒకటి కాదు, ఖతర్‌లోనూ నిషేధమే.

ఇక తీగల దగ్గరికి వద్దాం. వేప్ లోపల జరిగేది పెద్ద విద్యేం కాదు. బ్యాటరీ కరెంటు తీగను వేడి చేస్తుంది. తీగ మధ్యలో దూర్చిన దూది లిక్విడ్‌ను పీల్చుకుని ఉంటుంది. ఆ వేడికి లిక్విడ్ పొగలా లేస్తుంది. "వట్టి నీటి ఆవిరే కదా" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ మాట తప్పు. లిక్విడ్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్లు ఉంటాయి, ఎక్కువ సీసాల్లో నికోటిన్ కూడా. మలేషియా జాతీయ ఫత్వా కౌన్సిల్ 2015లోనే వేప్ హరామ్ అని తేల్చింది. రోజాలో మాత్రం ముట్టుకోనని తమ్ముడు తనంతట తానే చెప్పాడు.

మామూలు వేప్‌లో కాయిల్ రెడీమేడ్‌గా వస్తుంది, పాడైతే పారేయడమే. రీబిల్డబుల్ రకంలో కాయిల్ కూర్చునే పీఠం ఖాళీగా ఉంటుంది. తీగ మనమే చుట్టి, స్క్రూలతో బిగించి, దూది పెట్టుకోవాలి. దూది మీద లిక్విడ్ చుక్కలుగా వేసుకునేదాన్ని ఆర్‌డీఏ అంటారు, ట్యాంకు ఉన్నది ఆర్‌టీఏ. తీగ చుట్ట కొంటే ఎన్నో కాయిల్స్ వస్తాయి కాబట్టి ఖర్చు తక్కువ. కుర్రాళ్లను మొదట లాగేది అదే. తర్వాత అది హాబీ అయిపోతుంది.

అన్నిటికంటే సాదాది గుండ్రటి ఒంటి తీగ. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఐదారు చుట్లు చుడతారు. ఎక్కువగా వాడేది కాంథల్. ఇది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహం, హీటర్లలో వాడే జాతి. 26 గేజ్ కాంథల్ మూడు మిల్లీమీటర్ల మీద ఆరు చుట్లు వేస్తే సుమారు 0.8 ఓమ్స్ వస్తుంది. గేజ్ నంబరు పెరిగితే తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి, నేను మొదట తిరగేసి అర్థం చేసుకున్నా.

ఈ ఒంటి తీగలోనే రెండు పద్ధతులున్నాయి. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే కాంటాక్ట్ కాయిల్. బిగించాక కొద్దికొద్దిగా వేడి చేస్తూ, పట్టకారుతో నొక్కుతూ, ఎరుపు మధ్య నుంచి అంచులకు సమంగా పాకేదాకా సరిచేయాలి. లేకపోతే ఒకచోటే ఎర్రగా కాలి దూది మాడుతుంది. చుట్ల మధ్య సందు వదిలితే స్పేస్‌డ్ కాయిల్. నికెల్, టైటానియం తీగలు ఇలాగే చుట్టాలి. అవి ఉష్ణోగ్రతను అదుపులో పెట్టే పరికరాల కోసమే, మామూలు వాటేజ్ మీద ఎర్రగా కాల్చకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ మాత్రం రెండు రకాలుగానూ పనిచేస్తుంది. గిల్ట్ నగలు పెట్టుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్లు మన ఇళ్లల్లో ఉంటారు కదా, చాలాసార్లు దానికి కారణం నికెలే. తమ్ముడు వాడే నిక్రోమ్-80 తీగలో 80 శాతం అదే.

తర్వాత క్లాప్టన్. లావు తీగ చుట్టూ వెంట్రుకంత సన్న తీగను బిగుతుగా చుడతారు, గిటార్ తీగలాగా. గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ పేరు అలా వచ్చింది. ఆ గాళ్లలో లిక్విడ్ నిలుస్తుంది, అందుకే రుచి చిక్కగా ఉంటుందంటారు. కానీ లోహం బరువు ఎక్కువ, వేడెక్కడానికి టైమ్ పడుతుంది, వాట్లు పెంచాలి. రెండు మూడు లోపలి తీగలు పక్కపక్కన పేర్చి చుడితే ఫ్యూజ్డ్ క్లాప్టన్. పై తీగను ముందు స్ప్రింగ్‌లా చుట్టి, సాగదీసి, ఆ వంకరలతోనే మళ్లీ మూడు తీగల మీద చుడితే ఏలియన్. దాన్ని చూస్తే అల్లిన గొలుసులా ఉంటుంది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగానే ఉంది. మా తమ్ముడి టేబుల్ మీద ఉన్నవి అవే. ఇప్పుడు మెష్ కూడా వచ్చింది, తీగకు బదులు చిల్లుల రేకు. పెద్ద వైశాల్యం ఒకేసారి సమంగా వేడెక్కుతుంది. చుట్టే నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు గానీ దూది రేకుకు అంతటా ఆనాలి, సందు మిగిలితే మాడు వాసనే.

రుచి, పొగ పక్కన పెట్టి ఇంట్లోవాళ్లు చూడాల్సింది ఓమ్స్ అంకె. నేను బీకాం చదివినోణ్ణి, అయినా టెన్త్‌లో చదివిన ఓమ్ సూత్రం ఇక్కడ సరిపోతుంది. వోల్టేజ్‌ను రెసిస్టెన్స్‌తో భాగిస్తే కరెంటు వస్తుంది. నిండా చార్జ్ అయిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు. పైన చెప్పిన 0.8 కాయిల్ ఒక్కటి పెడితే లాగేది సుమారు 5 యాంపియర్లు. అవే రెండు పెడితే రెసిస్టెన్స్ సగమై 0.4 అవుతుంది, కరెంటు పదిన్నర. ఏలియన్లు రెండు పెట్టినవాళ్లు తరచూ 0.2 కిందికి పోతారు. 0.15 దగ్గర లెక్క 28 యాంపియర్లు. ఈ పరికరాల్లో ఎక్కువగా వాడే 18650 బ్యాటరీ నిరంతరంగా ఇవ్వగలిగేది మంచి రకమైతే 20, 25 యాంపియర్లు. అనామక కంపెనీలు స్టిక్కర్ మీద 40 అని కూడా వేసుకుంటాయి, అది నమ్మితే అయిపోయినట్టే.

చిప్ ఉన్న పరికరమైతే ముందు కాయిల్‌ను కొలుస్తుంది, అంకె మరీ తక్కువైతే, షార్ట్ ఉంటే ఆపేస్తుంది. మెకానికల్ ట్యూబ్‌లో అలాంటిదేం ఉండదు. బటన్ నొక్కితే బ్యాటరీ నేరుగా కాయిల్‌కు కలుస్తుంది. ఒక తీగ కాలు పక్కకు జరిగి గోడకు తగిలినా షార్టే. 2018లో అమెరికాలోని ఫ్లోరిడాలో 38 ఏళ్ల వ్యక్తి చేతిలో ఇలాంటి పరికరం పేలి, ముక్కలు తలలోకి దూసుకెళ్లి చనిపోయాడు.

కాయిల్‌తో పాటు నికోటిన్ లెక్క కూడా మారుతుంది. సన్నగా పీల్చే ఒంటి కాయిల్‌కు మిల్లీలీటరుకు 12, 18 మిల్లీగ్రాముల లిక్విడ్ వాడతారు. పెద్ద పొగ వదిలే జంట ఏలియన్లలో వాడేది 3 లేదా 6. పొరపాటున 18 పోస్తే తల తిరగడం, వాంతులు ఖాయం. ఆ సీసా చిన్నపిల్లల చేతికి చిక్కితే ఇంకా ప్రమాదం. పండ్ల వాసన వస్తుంది కదా, వాళ్లకు షర్బత్‌లాగే ఉంటుంది. లోహం సంగతి కూడా ఉంది. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు రోజూ వేప్ చేసే 56 మంది పరికరాలు పరీక్షించారు. సీసాలోని లిక్విడ్‌లో కంటే కాయిల్ తగిలాక వచ్చిన పొగలో సీసం, క్రోమియం, నికెల్ ఎక్కువగా కనిపించాయి.

ఫోన్‌లో తమ్ముణ్ణి అడిగా, "నీ కాయిల్ ఎంత?" 0.14 అన్నాడు. దేంట్లో అంటే ట్యూబ్‌లో. బ్యాటరీ మీద ఏం రాసుందో చదవమన్నా. 20 యాంపియర్లు. 4.2ను 0.14తో భాగించమన్నా. కాసేపు అటు నుంచి మాట లేదు. "ముప్పై వస్తోంది భాయ్" అన్నాడు. బ్యాటరీ పైతొడుగు ఒక అంచున చిరిగి కూడా ఉందట, దాన్నే జేబులో తాళంచెవులతో పాటు వేసుకుని డ్యూటీకి పోతున్నాడు.

ఆ బ్యాటరీని మర్నాడే రీసైక్లింగ్ డబ్బాలో వేశానని మెసేజ్ పెట్టాడు. ట్యూబ్ పక్కన పెట్టి చిప్ ఉన్నది తీసుకుంటానంటున్నాడు. ఖాలా అయితే ఆ చిప్‌దీ వద్దంటోంది. ఈద్‌కి వచ్చేటప్పుడు బ్యాగులో ఒక్క తీగ ముక్క కూడా కనిపించకూడదని ఇప్పటికే రెండుసార్లు వాయిస్ మెసేజ్ పంపింది.