కంటిలోని పచ్చ చుక్క: నేతపనివారు తెలిసికొనవలసిన సంగతులు

నేతవానికి మూలధనము నూలా, మగ్గమా అను చర్చ మన సమావేశములలో తరచు వినబడుచుండును. నూలు సంఘము ద్వారా అరువు తెచ్చుకొనవచ్చును. మగ్గము చెడినచో వడ్రంగి బాగుచేయును. పోగును చూచు కన్ను చెడినచో ఆ కుటుంబము గతి యేమి? కంటి జబ్బులన్నిటిని గురించి ఇచ్చట వ్రాయబూనుట లేదు. కంటి వెనుక గోడమీద నున్న ఒక చిన్న చుక్కకు దెబ్బ తగిలినప్పుడు చూపు ఏ రీతిగా మారునో, అప్పుడు మనము ఏమి చేయవలెనో మాత్రమే తెలియజేయదలచితిమి. ఈ దెబ్బ తరచు నొప్పి లేకుండ నుండును. రెండవ కన్ను దానిని కప్పిపుచ్చును. అందుచేతనే చాలమంది ఆలస్యముగా వైద్యుని వద్దకు పోవుచున్నారు.

పచ్చ చుక్క అనగానేమి?

పెద్దవారి కనుగుడ్డు అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లు. దాని లోపలి వెనుక గోడకు రెటీనా అను పలుచని పొర అంటియుండును. బయటి వెలుతురు దీనిమీద పడినప్పుడే మనకు వస్తువు కనబడును. ఈ పొర నడుమ సుమారు 5.5 మిల్లీమీటర్ల మేర స్థలమును వైద్యులు మాక్యులా అందురు. ఆకుకూరలలోను, మొక్కజొన్నలోను ఉండు పసుపు పదార్థములే అచ్చట చేరియుండుట వలన దానికి పచ్చ చుక్క అని పేరు వచ్చినది. దాని మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పుగల చిన్న గుంట కలదు.

అక్షరము చదువుట, సూది బెజ్జము చూచుట, తెగిన పోగును వెదకి అతుకుట, నలుపునకు ముదురు నీలమునకు తేడా కనుగొనుట, ఎదుటివారి ముఖము గుర్తించుట, ఇవన్నియు ఈ స్వల్ప స్థలము చేయు పనులే. మిగిలిన రెటీనా ప్రక్కచూపునకును, కదలికలు కనిపెట్టుటకును, చీకటిలో నడచుటకును ఉపయోగపడును. గుంట నడుమ పొర మిక్కిలి పలుచన. అచ్చట సొంత రక్తనాళములు కూడ లేవు. కావున దెబ్బకు అది సులభముగా లొంగును.

దెబ్బ తగులు మార్గములు

మన వృత్తిలో మొదట చెప్పవలసినది నాడె. చెన్నపట్నములో కంపెనీ గవర్నరు జార్జి మార్టన్ పిట్ 1734లో కూవం నది వంపులో నేతవారికొరకు చింతాద్రిపేటను నెలకొల్పెను. అరవమున తరి అనగా మగ్గము. చిన్న తరి పేట అనుటయే చింతాద్రిపేట యైనదని పెద్దలు చెప్పుదురు. అంతకు ముందటి యేడే, 1733లో, ఇంగ్లండులో జాన్ కే తాడు లాగినచో తనంతట పరుగెత్తు నాడెకు పేటెంటు పొందెను. ఆ నాటి మన మగ్గములపై నాడె చేతినుండి చేతికే పోయెడిది. నాడె పరుగెత్తుట మొదలైన పిదప పని వేగము పెరిగినది, దానితోపాటు నాడె ఎగురు ప్రమాదమును వచ్చినది. పికరు అరిగినను, పడుగు సరిగా విప్పుకొనకున్నను, తెగిన పోగు అడ్డుపడినను నాడె దారి తప్పును. పవర్లూములో దాని వేగము మరింత హెచ్చు.

నాడె మొన ముందు కంటికి తగిలినను, కనుగుడ్డు ఒక్కసారి నొక్కుకొనుటచే ఆ అదురు వెనుక గోడవరకు పోవును. దానివలన మూడు విధములైన హాని కలుగవచ్చును. మొదటిది, రెటీనా తెల్లగా వాచుట. దీనిని 1873లో జర్మను వైద్యుడు బెర్లిన్ వర్ణించెను. రెండవది, పచ్చ చుక్క నడుమ రంధ్రము పడుట. మూడవది, రెటీనా క్రింది పొర చిట్లి, రక్తము చేరి, చివరకు మచ్చ మిగులుట. దీపావళి బాణసంచా, పిల్లల బిళ్ళంగోడు, బంతి తగిలినను ఇదే జరుగవచ్చును.

మరియొక మార్గము సూర్యుడు. గ్రహణ సమయమున ఎండ తగ్గుటచే కన్ను సూర్యుని తేరిపార చూడగలుగును. వెలుతురు మాత్రము నేరుగా పచ్చ చుక్కపై పడి కాల్చును. రెటీనాకు నొప్పి తెలియదు. కొన్ని గంటల పిదపగాని చూపు నడుమ మచ్చ తోచదు. 2019 డిసెంబరు 26న తమిళనాట కంకణ గ్రహణము కనబడినది. 2031 మే 21న మరల రానున్నది. మసిబూసిన గాజు, ఎక్సురే ఫిల్ము, పసుపు నీటిలో ప్రతిబింబము, ఇవేవియు రక్షణ కావు. ఆటవస్తువులుగా అమ్ముచున్న లేజరు దీపములను గూడ పిల్లల చేతికి ఈయరాదు.

చూపునందు కలుగు మార్పులు

అచ్చులో ఒక్క పుల్ల వంగినచో గుడ్డ పొడవునా చార పడును గదా. పచ్చ చుక్క చెదరినప్పుడును అట్లే సూటి గీత వంకరగా తోచును. గడప, కిటికీ చువ్వ, పడుగు పోగు మధ్యలో వంగినట్లు కనబడును. చదువునప్పుడు మాటలో నడిమి అక్షరము మాయమగును. ఎదుటివాని చెవులు కనబడును గాని ముక్కు కనబడదు. రంగులు వెలిసినట్లుండును. ఒక కంటికి వస్తువు చిన్నదిగా కనబడవచ్చును. శుక్లములో చూపంతయు మసకబారును. దీనిలో చెడునది నడుమ చూపు.

మా సభ్యులలో ఒకరికి నాడె ఎగిరి ఎడమ కంటికి తగిలినది. ఎనిమిది దినములలో ఎరుపు, వాపు తగ్గగా నయమైనదనుకొనిరి. కొన్ని నెలలకు అచ్చు అతుకుటలో పోగులు తప్పసాగినవి. చత్వారమని బజారులో కళ్ళద్దములు కొనిరి. వీధిలో చక్కగా నడచుచు, సైకిలు త్రొక్కుచు ఉండుటచే, పని తప్పించుకొనుటకు నెపమని ఇంటివారే అనుకొనిరి. తుదకు కుడి కన్ను మూసి చూచినప్పుడు ఎడమ కంటికి గళ్ళ నడుమ ఖాళీ కనబడినది. ఆసుపత్రిలో రంధ్రమని తేలినది. నడువగలవాడు పోగు చూడలేకపోవుట నటన కాదు, ఈ గాయపు స్వభావమే అది. ఇండ్లలో ఈ సంగతి అందరును గ్రహింపవలెను.

గళ్ళ గుడ్డ పరీక్ష

స్విస్ దేశపు వైద్యుడు మార్క్ ఆమ్స్లర్ పేర ఒక పరీక్ష కలదు. 10 సెంటీమీటర్ల చదరములో 5 మిల్లీమీటర్ల గళ్ళు, మొత్తము 400. నడుమ ఒక చుక్క. మద్రాసు రుమాళ్ళు, లుంగీ గళ్ళు నేసిన మనకు ఇది క్రొత్త వస్తువు కాదు. తెల్ల కాగితముపై స్కేలుతో గీసికొనవచ్చును. దగ్గరచూపు అద్దములుంటే పెట్టుకొని, మంచి వెలుతురులో కాగితమును అడుగు దూరమున పట్టుకొని, ఒక కన్ను మూసి, రెండవదానితో చుక్కనే చూడవలెను. గీతలు వంగినను, కొన్ని గళ్ళు లేనట్లు తోచినను, ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. పిదప రెండవ కన్ను. నెలకొకసారి ఇది చాలును. గళ్ళు సరిగా కనబడినంత మాత్రమున దెబ్బ తగిలిన కంటిని వైద్యునికి చూపకుండ ఉండరాదు.

చికిత్స

దెబ్బ తగిలిన కంటిని నులుమరాదు. ఆకుపసరు, చనుబాలు, ఆముదము పోయరాదు. గ్రుచ్చుకొన్నదానిని లాగరాదు. కంటికి ఒత్తిడి తగులకుండ కప్పి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఓ.సి.టి. అను యంత్రము నొప్పి లేకుండ కొద్ది నిమిషములలో రెటీనా పొరలను చిత్రించి చూపును. వాపు మాత్రమే యైన అనేకులకు కొద్ది వారములలో తగ్గును. చిన్న వయసువారిలో రంధ్రము కొన్నిసార్లు తనంతట మూసికొనును. మూసికొననిచో కంటిలోని జిగురును తీసి, వాయువు నింపి, కొన్ని దినములు బోర్ల పరుండబెట్టు శస్త్రచికిత్స కలదు. దాని ఫలితములను అమెరికా వైద్యులు కెల్లీ, వెండెల్ 1991లో ప్రకటించిరి. ఎండకు కాలినదానికి రూఢియైన మందు లేదు. పలువురికి మూడు నుండి ఆరు నెలలలో కొంత తేరుకొనును. మచ్చ పడినచో పోయిన చూపు పూర్తిగా రాదు.

చెన్నపట్నమున ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819లో స్థాపింపబడినది. ప్రపంచములోని ప్రాచీనమైన కంటి ఆసుపత్రులలో ఒకటి. 1978లో వెలసిన శంకర నేత్రాలయ నుంగంబాకములో నున్నది. హైదరాబాదులో సరోజినీదేవి ఆసుపత్రియు, 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రియు ఉన్నవి.

సంఘములకు మనవి

పవర్లూములు గల సభ్యులు ప్రతి మగ్గమునకు నాడె ఎగురకుండ అడ్డుకడ్డీ బిగించవలెను. అరిగిన పికరును ఇంకొక వారము లాగుదమని ఉంచరాదు. మగ్గము బాగుచేయువారు పగులని అద్దములు ధరించుట మంచిది. మంచి నేతగాని గుడ్డలో అకస్మాత్తుగా తప్పులు కనబడినచో, మజూరీ కోయుటకు ముందు ఒక్కొక్క కన్ను మూయించి గళ్ళ కాగితము చూపించుడు. నడుమ చూపు పోయినవారికి కండెలు చుట్టుట, నూలు ఆరబెట్టుట వంటి పనులు గౌరవముగా ఒప్పగింపుడు. కాగితమునకు, స్కేలుకు అగు ఖర్చు ఏ సంఘమునకును బరువు కాదు. వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ పరీక్ష జరిపించునని ఆశించుచున్నాము.