మీకు తెలుసా? చిరుతలు లేని లెపర్డ్స్‌టౌన్

• ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు దక్షిణంగా లెపర్డ్స్‌టౌన్ అనే శివారు ఉంది. ఆ పేరుకీ చిరుతపులికీ ఏ సంబంధమూ లేదు. ఐరిష్ భాషలో దాని అసలు పేరుకి అర్థం ‘కుష్ఠు రోగుల ఊరు’. ఇంగ్లిషు వాళ్ల నోట నలిగి నలిగి ‘లెపర్’ కాస్తా ‘లెపర్డ్’ అయింది! 1888లో ఇక్కడ గుర్రప్పందేల మైదానం వెలిసింది. ఇప్పుడేమో పెద్ద పెద్ద కంపెనీల ఆఫీసులు వరస కట్టాయి.

• ఆ ఆఫీసుల్లో మైక్రోసాఫ్ట్‌ది ఒకటి. 1985లోనే ఐర్లండ్‌లో అడుగుపెట్టిన ఈ సంస్థ 2018లో లెపర్డ్స్‌టౌన్‌లో కొత్త భవనం తెరిచింది. రెండేళ్లకే, 2020 జనవరిలో, మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సారథ్యంలో ఒక పెద్ద మాట ఇచ్చింది. 2030 నాటికి తాను గాలిలోకి వదిలే కర్బనం కన్నా తీసేసేదే ఎక్కువ ఉంటుందనీ, 1975లో పుట్టినప్పటి నుంచి తాను నేరుగానూ, కరెంటు వాడకం ద్వారానూ వదిలినదంతా 2050కల్లా తీసేస్తాననీ చెప్పింది. పాత బాకీతో సహా తీరుస్తానన్నమాట.

• ఈ కంపెనీ తన మీద తానే పన్ను వేసుకుంటుంది! 2012 నుంచి అక్కడ ఏ విభాగం ఎంత కర్బనానికి కారణమైతే అంత రుసుము ఆ విభాగం బడ్జెట్‌లోంచే కట్టాలి. ఏసీ వేసుకున్న గదివాళ్లే కరెంటు బిల్లు కట్టాలన్నట్టు.

• అయినా లెక్క ఎదురు తిరిగింది. 2020తో పోలిస్తే 2023 నాటికి కంపెనీ మొత్తం ఉద్గారాలు దాదాపు 29 శాతం పెరిగాయని 2024లో తన నివేదికలోనే ఒప్పుకుంది. తను నేరుగా వదిలేదీ, కరెంటు తాలూకుదీ కొంచెం తగ్గాయి. పెరిగిందల్లా బయటినుంచి కొన్న సరుకుల వల్లే: డేటా సెంటర్లు కట్టడానికి వాడిన ఉక్కు, సిమెంటు, వాటిలో పెట్టే చిప్‌లు.

• డేటా సెంటర్ల ఆకలి ఎంతటిదో ఐర్లండ్ కరెంటు మీటరు చెబుతుంది. 2015లో ఆ దేశం వాడిన కరెంటులో వాటి వాటా 5 శాతం. 2023కి 21 శాతం. అదే ఏడాది పట్టణాల్లోని ఇళ్లన్నీ కలిసి వాడింది 18 శాతమే!

• డేటా సెంటర్లలో పుట్టే వేడి వృథాగా పోవాల్సిన పని లేదు. డబ్లిన్‌లోని టాలాలో అమెజాన్ డేటా సెంటర్ నుంచి వచ్చే వేడితో 2023 నుంచి స్థానిక కౌన్సిల్ భవనాన్నీ, యూనివర్సిటీ క్యాంపస్‌నూ వెచ్చగా ఉంచుతున్నారు. చలిదేశంలో అది చిన్న మేలు కాదు.

• ప్రకృతికి మేలు చేయడానికి కొన్నిసార్లు ఏమీ చేయకపోవడమే మంచిది. ఐర్లండ్‌లో అడవి తేనెటీగల జాతుల్లో మూడోవంతు ముప్పులో ఉన్నాయి. అందుకే 2015లో మొదలైన పరాగ వాహకాల రక్షణ ప్రణాళిక కంపెనీలకు ఒక చవకైన సలహా ఇచ్చింది: మీ పచ్చికను మాటిమాటికీ కోయకండి. వసంతంలో కలుపు అనుకునే పసుపు పచ్చని డాండిలయన్ పూలే తేనెటీగలకు తొలి భోజనం.

• కంపెనీల సామాజిక బాధ్యతకు మన దేశంలో చట్టమే ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. పర్యావరణం ఆ జాబితాలో ఒక పద్దు మాత్రమే. బడి కట్టినా, ఆస్పత్రికి ఇచ్చినా లెక్క సరిపోతుంది. అదే చట్టంలో అంతగా ఎవరూ పట్టించుకోని 166వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. పర్యావరణ రక్షణను దృష్టిలో పెట్టుకుని నడుచుకోవడం డైరెక్టర్ల విధి అంది. అంటే 2 శాతంతో మొక్కలు నాటితే సరిపోదు, మిగతా 98 శాతం ఎలా సంపాదించారన్నదీ లెక్కే.

• లెపర్డ్స్‌టౌన్ కబుర్లు మనకెందుకంటారా? విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. హైదరాబాద్ చుట్టూ ఇప్పటికే డేటా సెంటర్లు ఉన్నాయి. ఉద్యోగాలు ఎన్నని అడగడం మనకు అలవాటే. ఈసారి కరెంటు ఎక్కడిది, చల్లబరచడానికి నీళ్లు ఎక్కడివి అని కూడా అడగండి.