మగ్గం మోటారే మొదటి పాఠం

సోలాపూర్ తూర్పు భాగంలోని పద్మశాలీ పేటల్లో పుట్టిన పిల్లలకు మరమగ్గం చప్పుడు కొత్త కాదు. చద్దర్లు, తువ్వాళ్లు నేసే ఆ మగ్గాన్ని నడిపేది మోటారు. ఆ మోటారు ఎందుకు తిరుగుతుందన్నదే పదో తరగతి సైన్సులో ఒక పాఠం. పన్నెండో తరగతి ఫిజిక్సులో అదే పాఠం లెక్కలతో సహా మళ్లీ వస్తుంది.

చిక్కంతా భాషలో ఉంది. మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని చెప్పే రాజ్యాంగం 350-ఎ అధికరణ (1956) ప్రాథమిక దశకే వర్తిస్తుంది. మోటారు పాఠం వచ్చేది ఆ దశ దాటాక. అప్పటికి పుస్తకం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఇంట్లో మాత్రం తెలుగే. ఈ రెంటికీ వంతెన వేయాల్సింది ఉపాధ్యాయులు, తల్లిదండ్రులే.

ముందు విషయం తెలుగులో చెప్పి చూద్దాం. రాగితీగను దీర్ఘచతురస్రంగా చుట్టి, అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య ఉంచి కరెంటు పంపాం. ఒక పక్క తీగలో కరెంటు ముందుకు పోతే, ఎదుటి పక్కలో వెనక్కి వస్తుంది. అందువల్ల ఒక పక్క పైకి, రెండో పక్క కిందికి నెట్టబడతాయి. బలాలు సమానం, దిశలు వేరు. చుట్ట పక్కకు జరగదు, తిరుగుతుంది. నల్లా తిప్పేటప్పుడు బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఇంకోవైపు నెట్టడం లాంటిదే ఇది. ఈ తిప్పే ప్రభావమే టార్క్.

ఇక లెక్క. చుట్ల సంఖ్య, కరెంటు, చుట్ట వైశాల్యం, అయస్కాంత క్షేత్రం, ఈ నాలుగింటినీ గుణిస్తే గరిష్ఠ టార్క్ వస్తుంది. 100 చుట్లు, 2 ఆంపియర్లు, 0.005 చదరపు మీటర్లు, 0.2 టెస్లా అయితే 0.2 న్యూటన్ మీటర్లు. చుట్ట తలం క్షేత్రానికి సమాంతరంగా ఉన్నప్పుడు టార్క్ అత్యధికం, లంబంగా ఉన్నప్పుడు సున్నా. అక్కడ ఆగిపోకుండా ప్రతి అర చుట్టుకూ కరెంటు దిశ మార్చే భాగమే పుస్తకంలోని బొమ్మలో కనిపించే కమ్యూటేటర్.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మగ్గానికి సాధారణంగా వాడే ఇండక్షన్ మోటారులో కమ్యూటేటర్ ఉండదు. బయటి వైండింగులో పారే ఏసీ కరెంటు వల్ల అయస్కాంత క్షేత్రమే గుండ్రంగా తిరుగుతుంది. లోపలి రోటారు కడ్డీల్లో దానంతట అదే కరెంటు పుడుతుంది. ఆ కడ్డీలే మన చుట్టలు. నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరిగితే, రోటారు కాస్త వెనకబడి 1440 ప్రాంతంలో తిరుగుతుంది. మోటారు మీది రేకుపై ఆ అంకెను పిల్లలతో చదివించండి.

వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు మూలిగి వేడెక్కడం నేతగాళ్లకు తెలిసిన బాధే. కారణం ఈ పాఠంలోనే ఉంది. వోల్టేజీతోపాటు క్షేత్రమూ తగ్గుతుంది, రోటారులో పుట్టే కరెంటూ తగ్గుతుంది. రెండు దెబ్బలూ కలుస్తాయి. 415 వోల్టులకు బదులు 332 వస్తే, అంటే 80 శాతమే అందితే, టార్క్ 64 శాతానికి పడిపోతుంది. మగ్గం బరువు తగ్గదు కనుక మోటారు వేగం తగ్గి, ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగు కాలిపోయేది అందుకే.

బడిలో చేయించదగ్గ ప్రయోగం ఒకటుంది. వైండింగు దుకాణంలో మిగిలిన ఎనామెల్ తీగ, 1.5 వోల్టుల బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం చాలు. తీగను చుట్టి, ఒక కొసన ఎనామెల్ పూర్తిగా, రెండో కొసన సగం వైపే గీకాలి. చేత్తో కాస్త తిప్పితే చుట్ట తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని ఇంటి కరెంటుకు మాత్రం ఎన్నడూ కలపనివ్వకండి.

తర్వాత మాటలు జతచేయండి. తెలుగులో అయస్కాంత క్షేత్రం, మరాఠీలో చుంబకీయ క్షేత్ర, ఇంగ్లీషులో మాగ్నెటిక్ ఫీల్డ్. బలం మరాఠీలోనూ బలమే. అర్థం ఒకసారి తెలుగులో కుదిరితే, పరీక్ష ఏ భాషలో రాసినా పిల్లవాడు తడబడడు.