విమానయాత్రలో ఫిల్మును, విద్యుత్పరికరములను కాపాడుకొనుట

కృష్ణాతీరవాసులకు విమానయాత్ర ఒకప్పుడు అరుదైన విషయము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికావసరముల కొరకు గన్నవరమున ఏర్పడిన విమానక్షేత్రము పిమ్మట పౌరవిమానములకు నెలవైనది. 2017వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము దానికి అంతర్జాతీయ విమానాశ్రయ ప్రతిపత్తి నొసగినది. నేడు గుడివాడ, తెనాలి, ఉయ్యూరు, మచిలీపట్నము ప్రాంతముల నుండి అమెరికాలోనో, గల్ఫు దేశములలోనో ఉన్న బిడ్డలను చూడబోవు తల్లిదండ్రులు పలువురు ఇచ్చటనే మొదటి విమానము నెక్కి, హైదరాబాదులోనో ఢిల్లీలోనో మరియొక విమానమునకు మారుచున్నారు. వారి సామానులో సెల్‌ఫోను, పవర్‌బ్యాంకు, కెమెరా ఉండుట సామాన్యమైనది. డిజిటల్ కెమెరాల రాకతో మూలబడిన ఫిల్ము కెమెరాలను సైతము కొందరు యువకులు మక్కువతో మరల చేపట్టుచున్నారు.

ఇట్టి ప్రయాణికులలో పెక్కుమందికి భద్రతా పరీక్ష కడ ఒక సంశయము కలుగును. ఎక్స్‌కిరణముల యంత్రములో పెట్టినచో ఫోను చెడునేమో, మెమరీ కార్డులోని ఫోటోలు చెరిగిపోవునేమో యని వారు వెనుకాడుదురు. అదే సమయమున ఫిల్ము చుట్టలను చీరల మడతల నడుమ భద్రముగా ఉండునని తలచి పెద్దపెట్టెలో సర్ది, ఆ పెట్టెను విమానసంస్థ వారి కప్పగింతురు. నిజమునకు ఈ రెండును తలక్రిందులైన భావములే. ఫోనునకు ఆ యంత్రము వలన హాని లేదు. ఫిల్మునకు అన్నిటికంటె అపాయకరమైన తావు ఆ పెద్దపెట్టెయే. ఏ వస్తువునకు దేని వలన హాని కలుగునో తెలిసికొన్నచో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో, ఎచ్చట నిశ్చింతగా ఉండవచ్చునో తేటపడును.

ముందుగా ఫిల్ము సంగతి విచారింతము. ఫిల్ము మీది జిలటిను పూతలో వెండి లవణముల సూక్ష్మకణములు ఉండును. కెమెరా కటకము గుండా వచ్చిన వెలుతురు సోకిన కణములలో కంటికి కానరాని మార్పు కలుగును. రసాయనములలో కడిగినప్పుడు ఆ కణములు నల్లని వెండిగా మారి, బొమ్మ వెలువడును. కడుగువరకు ఆ బొమ్మ ఉన్నదను మాటయే గాని, దానికి రక్షణ లేదు. దానికి రెండవ ప్రతియు లేదు. మనుమరాలి అన్నప్రాశనమో, మరల చూడజాలని పెద్దల ముఖమో ఆ చుట్టలో ఉన్నచో, పోయినది తిరిగి రాదు.

ఎక్స్‌కిరణములు వెలుతురునకు తోబుట్టువులు. అయితే వెలుతురును ఆపగల తోలుసంచి, అట్టపెట్టె, ప్లాస్టికు డబ్బీ వీనిని ఆపజాలవు. ఇవి సోకిన వెండికణములు వెలుతురు సోకినట్లే మారును. నడుమ కటకము లేదు గనుక బొమ్మ ఏర్పడదు. ఫిల్ము అంతటను ఒక మసక క్రమ్మును. ఫోటోలో నల్లగా ఉండవలసిన నీడలు బూడిదరంగు దాల్చును, రంగులు వెలవెలబోవును, నూక చల్లినట్లు గరుకుదనము కానవచ్చును. సన్నని తీవ్రకిరణము సోకినచో, చుట్టలోని పొరల ననుసరించి చారలును అలలును పడును.

ఫిల్మునకు గల ఈ స్వభావము విజ్ఞానశాస్త్రమునకు గొప్ప ఉపకారము చేసినది. 1895 నవంబరులో జర్మనీ దేశమున రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. మరు సంవత్సరము పారిసు నగరమున బెకెరెల్ అను శాస్త్రజ్ఞుడు, నల్లకాగితమున చుట్టిన ఫోటో పలకను యురేనియము లవణముతో కూడ సొరుగులో ఉంచి, కొన్నిదినముల పిమ్మట కడిగి చూడగా, ఎండ సోకకున్నను పలకపై ముద్ర కానవచ్చినది. రేడియోధార్మికత అట్లు బయలుపడినది. 1945 జూలై 16న అమెరికాలోని న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షింపగా, దాని ధూళి వేయి మైళ్ళకు పైగా గాలిలో కొట్టుకొనిపోయి, ఇండియానా రాష్ట్రమున గడ్డితో అట్ట తయారుచేయు ఒక మిల్లులోనికి నీటిద్వారా చేరినది. ఆ అట్టలో కట్టిన కొడాకు సంస్థవారి ఎక్స్‌రే ఫిల్ముపై మచ్చలు పడినవి. ఆ సంస్థలోని శాస్త్రజ్ఞుడు జూలియన్ వెబ్ మచ్చల మూలమును వెదకి, అణుపరీక్ష వరకు పోగలిగెను. మూసిన పెట్టెలోని ఫిల్ము ఎంత సున్నితమైనదో దీనిని బట్టి ఊహించుకొనవచ్చును.

మరి విమానాశ్రయములలో ఈ కిరణముల పరీక్ష ఏల? 1976 సెప్టెంబరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమొకటి అపహరింపబడిన తరువాత, పాండే సంఘపు సిఫారసు ననుసరించి 1978లో మన దేశమున పౌరవిమాన భద్రతా విభాగము ఏర్పడినది. 1985 జూన్ 23న ఎయిరిండియా వారి కనిష్క విమానము అట్లాంటికు సముద్రముపై పేలి 329 మంది మరణించిరి. ఆ ఘోరము తరువాత 1987లో ఆ విభాగము స్వతంత్రశాఖ అయినది. 1988 డిసెంబరు 21న స్కాట్లండులోని లాకర్బీ పట్టణముపై పాన్ ఆమ్ విమానము పేలి, నేలపై ఉన్నవారితో కలిపి 270 మంది అసువులు బాసిరి. పెట్టెలోని ఒక రేడియో కాసెట్టు యంత్రమున ప్రేలుడు పదార్థమును దాచియుంచినట్లు దర్యాప్తులో తేలినది. ఇంటింట సంగీతము వినిపించు పరికరము ప్రాణాంతకమగుట ఎంత దారుణము! నేడు లాప్‌టాపును సంచి నుండి బయటకు తీయుమని అధికారి కోరుట వెనుక ఇట్టి అనుభవములు కలవు. దట్టమైన బాటరీలు, సర్క్యూటు పలకలు తెరపై నల్లగా కనిపించి, తమ చాటున ఉన్న వస్తువును మరుగుపరచును. కావుననే వానిని వేరుగా చూపవలెను.

పరీక్షాయంత్రములు ఫిల్ము విషయమున మూడు తెగలుగా నున్నవి. చేతిసంచులను చూచు పాతరకపు ఎక్స్‌రే యంత్రముల కిరణములు తీవ్రమైనవి కావు. విమానపు అడుగుభాగమునకు పోవు పెద్దపెట్టెలను పరీక్షించు యంత్రములు బలమైనవి. వానిలో పడిన ఫిల్ము ఒక్కసారికే చెడవచ్చును. ఇక మూడవది, ఆసుపత్రులలోని సి.టి. స్కాను వలె చుట్టును తిరిగి పరీక్షించు క్రొత్త యంత్రము. విదేశములలోని పెక్కు విమానాశ్రయములలో చేతిసంచులకు సైతము వీనిని వాడుచున్నారు. ఈ యంత్రమున ఏ వేగపు ఫిల్మునైనను పెట్టవలదని ఫిల్ము తయారుచేయువారే హెచ్చరించుచున్నారు.

ఫిల్ము వేగమనగా డబ్బీపై ముద్రించిన 100, 200, 400, 800 అను అంకెలు. అంకె హెచ్చినకొలది ఫిల్ము స్వల్పమైన వెలుతురునకే చలించును. కిరణములకును అంత త్వరగా లోబడును. 800, అంతకు మించిన ఫిల్మును పాతరకపు యంత్రమునకైనను అప్పగింపరాదు. అప్పటికప్పుడు బొమ్మ నిచ్చు ఇన్‌స్టాక్సు ఫిల్మును ఈ వేగమునకు చెందినదే. అంతకు తక్కువ వేగముగల ఫిల్మునకు పాతరకపు యంత్రమున ఒకటి రెండుసార్లు పోయినంత మాత్రమున కనిపించునంతటి హాని ఉండదు. కాని కిరణముల ప్రభావము ఒకదానిపై ఒకటి చేరుచుండును. గన్నవరము, హైదరాబాదు, దుబాయి మీదుగా అమెరికా పోయి వచ్చువానికి పోవునప్పుడు మూడు, వచ్చునప్పుడు మూడు, వెరసి ఆరు పరీక్షలు తటస్థింపవచ్చును. తక్కువ వేగపు ఫిల్మునైనను ఐదుసార్లకు మించి యంత్రమున పోనీయక, చేతి పరీక్ష కోరుమని అమెరికా రవాణా భద్రతా సంస్థవారు సలహా ఇచ్చుచున్నారు.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. ఫిల్మును ఎల్లప్పుడు చేతిసంచిలోనే ఉంచవలెను. అట్టపెట్టెలు తీసివేసి, చుట్టలన్నిటిని పారదర్శకమైన ప్లాస్టికు సంచిలో వేసినచో అధికారికి చూచుట సులభము. కెమెరాలో సగము వాడిన చుట్ట ఉన్నచో, బయలుదేరుటకు ముందే మిగిలిన బొమ్మలు తీసి, చుట్టను వెనుకకు త్రిప్పి బయటకు తీయుట మేలు. కెమెరా తెరచి చూపుమన్నచో చిక్కు రాదు. వరుసలో తొందర లేని సమయమున పోయి, "అయ్యా, ఇవి కడుగని ఫిల్ములు, చేతితో పరీక్షింపగలరా?" యని మర్యాదగా అడుగవలెను. అధికారి డబ్బీలను చూచి, ప్రేలుడు పదార్థపు జాడ కొరకు గుడ్డముక్కతో తుడిచి పరీక్షించును. అమెరికాలో ఈ కోరికను సాధారణముగా మన్నింతురు. తక్కిన చోట్ల అది అధికారి విచక్షణపై ఆధారపడి యుండును. కాదన్నచో వాదమునకు దిగుట తగదు. సీసపు పొరగల సంచులను నమ్ముకొనుటయు మంచిది కాదు. అట్టి సంచి తెరపై నల్లని ముద్దగా కనిపించి అనుమానము కలిగించును. పరీక్ష మరల జరుగును. అన్నిటికంటె మేలైన ఉపాయము వేరొకటి కలదు. పోయినచోటనే ఫిల్మును కొని, అచ్చటనే కడిగించుకొనవలెను. కడిగిన నెగటివులకు, స్లైడులకు, అచ్చువేసిన ఫోటోలకు ఈ కిరణముల వలన ఎట్టి హానియు లేదు.

ఇక విద్యుత్పరికరముల మాట. మెమరీ కార్డులో వెండికణములు లేవు. సమాచారము విద్యుదావేశముగా నిలిచియుండును. పరీక్షాయంత్రపు కిరణములు దానిని చెరపజాలవు. పాతపాటల కాసెట్టులు, టేపు చుట్టలు కలవారును భయపడనక్కరలేదు. టేపునకు శత్రువు అయస్కాంతమే గాని ఎక్స్‌కిరణము కాదు. కావున దానిని పెద్ద లౌడ్‌స్పీకరు ప్రక్కన ఉంచకున్న చాలును. విద్యుత్పరికరములకు నిజమైన అపాయములు మూడు: క్రిందపడుట, పోగొట్టుకొనుట, నిప్పు. తట్టలో ఫోనును, గడియారమును విడివిడిగా పెట్టక ఒక చిన్న సంచిలో వేసి పెట్టినచో జారిపోవు. ఎన్ని వస్తువులు పెట్టితిమో లెక్క గుర్తుంచుకొని, అవతలి వైపున అన్నిటిని లెక్కించుకొనిన పిమ్మటనే కదలవలెను. పరికరమును వెలిగించి చూపుమని అడుగవచ్చును గనుక బాటరీ పూర్తిగా ఉడిగిపోకుండ చూచుకొనవలెను. ముఖ్యమైన ఫోటోలకు బయలుదేరుటకు ముందే ఇంటివద్ద మరియొక ప్రతి ఉంచుకొనవలెను. ఫిల్మునకు లేని ఈ సౌకర్యము డిజిటల్ ఫోటోకు కలదు.

నిప్పు సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. లిథియము బాటరీ నలిగినను, రెండు కొనలు లోహమునకు తగిలినను, లోపల వేడి పుట్టి, ఆ వేడి మరింత వేడిని పుట్టించి మండిపోవచ్చును. ప్రయాణికుల నడుమ అట్లు జరిగినచో సిబ్బంది వెంటనే చూచి ఆర్పగలరు. అడుగుభాగపు సామానులో జరిగినచో చూచువారు లేరు. అందుచేతనే పవర్‌బ్యాంకును, విడి బాటరీలను పెద్దపెట్టెలో ఉంచరాదను నియమము ఏర్పడినది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయమున బయలుదేర సిద్ధముగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానమునకు లోపల మంటలు రేగి, అది కాలిపోయినది. లోపలివారందరును ప్రాణములతో బయటపడిరి. తలపై అరలోని పవర్‌బ్యాంకు కారణము కావచ్చునని దర్యాప్తు అధికారులు తెలిపిరి. కావున దానిని తలపై అరలో గాక దగ్గరనే ఉంచుకొనుట మంచిది.

100 వాట్-అవర్ల వరకు గల పవర్‌బ్యాంకుకు ప్రత్యేకానుమతి అక్కరలేదు. 100 మొదలు 160 వరకు విమానసంస్థ అనుమతి కావలెను. లెక్క సులభము. మిల్లీఆంపియర్-అవర్ల అంకెను 3.7 తో హెచ్చించి, వేయితో భాగింపవలెను. 20,000 అని వ్రాసియున్న పవర్‌బ్యాంకు 74 వాట్-అవర్లు మాత్రమే. అంకె చెరిగిపోయిన దానిని అధికారి నిరాకరింపవచ్చును. విడి బాటరీల కొనలకు టేపు అంటించి, తాళపుచెవులకు, నాణెములకు దూరముగా ఉంచవలెను.

చివరగా మన ప్రాంతపు వాతావరణమును గూర్చి ఒక మాట. బెజవాడ ఎండలు, కాలువల నడుమ వీచు తేమగాలి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. రోహిణీకార్తెలో నిలిపియుంచిన కారులో ఫిల్మును వదలినచో, ఏ యంత్రమునకు చిక్కకపోయినను మసక క్రమ్మును. బాటరీకిని అట్టి వేడి చేటే. శీతలపెట్టె నుండి తీసిన ఫిల్మును వెంటనే తెరచినచో చెమ్మ పట్టును. మూసిన డబ్బీలోనే కొన్ని గంటలు ఉంచి, గదివేడికి వచ్చిన పిమ్మట తెరవవలెను. ఇంటిలో ఫిల్మును, కెమెరాను గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లముతో ఉంచుట మేలు.

ఇన్ని చెప్పినను, గుర్తుంచుకొనవలసినవి రెండే. ఫిల్మును, బాటరీలను పెద్దపెట్టెలో పెట్టవద్దు. ఫిల్మును చేతికిచ్చి చూపుడు, తక్కిన పరికరములను నిర్భయముగా తట్టలో పెట్టుడు.