వర్షాధార వ్యవసాయము – నీటి పరీవాహక రక్షణ: పావగడ సీమయందలి రాయచెర్లు

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాను పటమునందు చూచినచో, అది ఆంధ్రదేశములోనికి చొచ్చుకొనివచ్చిన ద్వీపకల్పమువలె కనిపించును. దాని చుట్టును మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గ ప్రాంతములు కలవు. కచేరీలలోను బడులలోను కన్నడము. ఇండ్లలోను పొలముగట్లమీదను తెలుగు. నేల, రాయి, వాన అను మూడింటిలోను ఇది అచ్చముగా రాయలసీమయే. ఉత్తర పినాకిని యనబడు పెన్నేరు హిందూపురము వైపునుండి వచ్చి, ఈ తాలూకాలోని నాగలమడికె మీదుగా సాగి, మరల ఆంధ్రదేశములోని పేరూరునకు చేరును.

రాయచెర్లు ఈ తాలూకాలోని గ్రామము. దాని పొరుగుననే క్యాతగానచెర్లు కలదు. ఈ పేళ్ళ తుదినున్న ‘చెర్లు’ అను మాటకు చెరువుతో చుట్టరికమున్నదని వినినవారికి తోచుట సహజము. చెరువు పేరు ధరించిన ఊళ్ళకే నీరు కరవైన విధమును, ఆ కరవును తీర్చుటకై జరిగిన యత్నములలో ఏది ఫలించెను, ఏది ఫలింపకపోయెను అను విషయమును విచారించుట ఇచ్చట ప్రస్తుతము.

ఈ సీమలో సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంకెను చూచిన అల్పముగా తోచును గాని లెక్క వేసిన అట్లుండదు. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో నాలుగువేల లీటర్ల నీరగును. ఆ చొప్పున ఏటికి ఎకరమునకు 22 లక్షల లీటర్లు ఆకాశమునుండి దిగుచున్నవి. అట్లయ్యు పైరు ఎండుటకు కారణము వాన వచ్చు తీరు. ఏడాది వానలో పెద్దభాగము కొలది దినములలో, ఆ దినములలోను కొలది గంటలలో కురిసిపోవును. ఒక సాయంకాలము 40 మిల్లీమీటర్లు కురిసినచో ఎకరముపై 1,60,000 లీటర్లు పడును. ఎర్రనేల పైపొర చినుకుదెబ్బకు అణగి, మెత్తుకొనిపోయి, నీటిని లోనికి త్రాగలేదు. నీరు మన్నుతోసహా వాలువెంట పారిపోవును. మిగిలిన తడిని ఎండయు గాలియు హరించును. ఈ ప్రాంతమున ఒక ఏడాదిలో ఎండకు ఆవిరి కాగల నీరు కురిసిన వానకు మూడింతలకు మించియుండును. వేరుశనగ పూత పూసి ఊడలు దిగు సమయమున రెండు మూడు వారములు వాన లేకున్నచో, అటుపిమ్మట ఎంత కురిసినను కాయ నిండదు. “ఉత్తర చూచి ఎత్తర గంప” అను సామెత పుట్టినది ఇట్టి నేలలోనే. ఉత్తర కార్తెలో వాన లేనిచో గంప నెత్తికెత్తుకొని ఊరు విడువవలసినదని దాని భావము.

పూర్వులు ఈ సంగతిని ఎరుగకపోలేదు. వాలువెంట ఒకదాని క్రింద ఒకటిగా చెరువులు కట్టి, పై చెరువు మరవ పారిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు కాలువలు త్రవ్వించిరి. తూమునకు నీరుగంటి, కట్ట మరమ్మతునకు దశబంధ ఇనాములు. నీటిని పంచుట నీరుగంటి పని. ఎవరి మడికి ఎన్ని గడియలు పారవలెనో అతడు నిర్ణయించెడివాడు. చెరువు లేనిచోట తలపరిగెలుండెను. ఇవి పావగడ, మధుగిరి ప్రాంతముల ప్రత్యేకత. ఏటి ఇసుకలోనో పల్లపు నేలలోనో ఊట తగిలినచోట గుంట త్రవ్వి, ఆ ఊటను సన్నని కాలువద్వారా పొలమునకు దింపెడివారు. అనంతపురమువారు పెన్న ఇసుకలో తీసిన ఊటకాలువలు వీని తోబుట్టువులే. భూగర్భజలమట్టము ఇసుకపొరకు దిగువకు జారిన నాడే తలపరిగెల కాలము ముగిసినది. పిమ్మట వానిని త్రవ్వువారును లేరు, పూడిక తీయువారును లేరు.

కడప జిల్లా పోరుమామిళ్ళలో విజయనగర రాజగు మొదటి బుక్కరాయని కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెరువునకు 1369వ సంవత్సరపు శాసనమొకటి కలదు. చెరువునకు వలసిన పండ్రెండు సాధనములను, తగిలెడి ఆరు దోషములను అందు పేర్కొనిరి. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. చౌడునేల మరియొకటి. నీరు తక్కువయై సాగునేల ఎక్కువగుట ఇంకొకటి. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుటయు దోషములలోనిదే! ఆ శాసనము చెక్కినవారికి పావగడ తలపులో ఉండియుండదు గాని, ఆ మాట ఈ సీమకు అతికినట్లున్నది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికను చూచినను ఇదియే తెలియును. ఉత్తర పినాకిని మొదలగు నదులపై మైసూరువారు క్రొత్త సేద్యపు జలాశయమును కట్టదలచినచో మద్రాసువారి సమ్మతి పొందవలెనని అందు నియమము. పైన నిలిపిన ప్రతి బిందువును క్రిందివాడు తన నష్టముగా ఎంచునని దీని అంతరార్థము. పరీవాహక ప్రదేశమును గూర్చి మాటాడువారు మొదట గ్రహింపవలసిన సత్యమిదే.

పరీవాహక ప్రదేశమనగా ఒక వాగునకో చెరువునకో తన వాననీటిని సమర్పించు నేల అంతయు. కన్నడమున దీనిని జలానయనమందురు. వాడుకలో వాటర్‌షెడ్ అను మాటయే పల్లెలలో నిలిచినది. గుట్టశిఖరమునుండి పల్లమువరకు ఒకే కుటుంబముగా చూచి, పైనుండి క్రిందికి పని చేయుట దీని పద్ధతి. గుట్టపై చెట్టు, గడ్డి పెంచవలెను. వాలున సమోన్నత రేఖవెంట కందకములును రాళ్ళకట్టలును వేయవలెను. పొలములో వాలునకు అడ్డముగా గట్లు వేసి అడ్డముగానే దున్నవలెను. వాగున చిన్న అడ్డుకట్టలు, తుదకు చెరువు పూడికతీత. క్రిందినుండి ఆరంభించినవారి కట్టలు మొదటి పెద్దవానకే మన్నుతో నిండిపోవుట అనేకచోట్ల చూచినదే.

ఈ పద్ధతికి దేశవ్యాప్తమైన నియమావళిని సమకూర్చినవాడు తెలుగువాడగు ఆర్థికశాస్త్రవేత్త సి. హెచ్. హనుమంతరావు. 1973-74లో మొదలైన కరవుపీడిత ప్రాంతముల పథకము ఆశించిన ఫలము నీయలేదని ఆయన అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1994లో నివేదించెను. సుమారు 500 హెక్టారుల పరీవాహక ప్రదేశమును ఒక ఘటకముగా గ్రహించి, ఆ గ్రామస్థుల సంఘముచేతనే పనులు నడిపింపవలెనను నియమములు 1995 నుండి అమలులోనికి వచ్చినవి. కర్ణాటకమున ప్రపంచబ్యాంకు సాయముతో 2000 దశకమున నడచిన సుజల పథకము తుమకూరుతో కూడ అయిదు జిల్లాలలో జరిగినది. భూమి లేనివారికి జీవనోపాధి చూపుటను ఆ పథకములో చేర్చుట మెచ్చదగిన విషయము. ఏలయన, గట్టు వేసిన లాభము గట్టు గలవానికే చెందును.

ఇక లోపమును చెప్పవలసియున్నది. ఇరువది ముప్పది సంవత్సరములు కట్టలు కట్టినను బావులు ఎండుట ఆగలేదు. దీనికి కారణము రాతిలో నున్నది. పావగడ క్రింద నున్నది నల్లరాతి జాతులు. వానినీటి నిలువ అంతయు పైన శిథిలమైన పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే. ఆ శిథిలపు పొరలో నూరుపాళ్ళకు రెండు మూడు పాళ్ళు మాత్రమే తోడుకొనదగిన నీరు. ఏటి వానలో పదియవ వంతు, అనగా 55 మిల్లీమీటర్లు, లోనికింకినదనుకొన్నను జలమట్టము రెండు మూడు మీటర్లు లేచును. నాలుగైదు బోర్లు ఒక వేసవిలో దానిని త్రాగివేయగలవు. బోరుబావి వచ్చిన పిమ్మట నేలక్రింది నీరు ఎవడు ముందుగ త్రవ్విన వానిదైనది. ఊరందరి చేతులతో వేసిన కట్టల వెనుక ఇంకిన నీరు, లోతుగా త్రవ్వింపగల కొందరి మళ్ళకు చేరుచున్నది. పొలమునకు వానయే గతియైన రైతునకు దక్కినది గట్టు ప్రక్కనున్న కొంచెపు తడి మాత్రమే. మరియు పై వాగులలో అడ్డుకట్టలు పెరిగినకొలదిని క్రింది చెరువు నిండుట అరుదగును. ఈ పరిణామమును పథకకర్తలు మొదట లెక్కలోనికి తీసికొనలేదనుట సత్యదూరము గాదు.

నీరు లోతునకు పోయినకొలదిని ఫ్లోరైడు మరియొక పీడ. నల్లరాతిలోని ఖనిజములతో దీర్ఘకాలము సహవాసము చేసిన నీటిలో అది చేరును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. పావగడ తాలూకా దీనికి పేరుపడినది. వాననీరు బాగుగ ఇంకినచోట ఫ్లోరైడు కొంత పలుచబడును. కావున పరీవాహక రక్షణ త్రాగునీటి విషయము కూడ అగుచున్నది.

మార్గము లేకపోలేదు. పొరుగునున్న అనంతపురము మొదలగు ఏడు జిల్లాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో 2003 మొదలు కొన్ని సంవత్సరములు నడచిన భూగర్భజల కార్యక్రమమున రైతులే వానను కొలిచి, బోర్ల మట్టమును కొలిచి, ఊరి నీటిలెక్కను గోడపై వ్రాసిరి. ఎంత ఇంకినది, ఎంత మిగిలినది తెలిసిన పిమ్మట ఎవని పంట ఏది కావలెనను నిర్ణయము ఎవరికివారే చేసికొనిరి. వరిని మానినవారున్నారు. ఇందు చట్టము లేదు, దండన లేదు. నీరుగంటి చేసిన పనిని, క్రొత్త కొలతలతో, ఊరంతయు చేసినదనవచ్చును.

లెక్క తెలిసినచో చిన్న గుంట కూడ పెద్ద పని చేయును. 2014లో కర్ణాటక ప్రభుత్వము ఆరంభించిన కృషిభాగ్య పథకమున పొలములోనే గుంట త్రవ్వి పరచు పరచి నీరు నిలుపుటకు సాయము లభించినది. పైన 12 మీటర్లు, అడుగున 6 మీటర్లు చదరముగా, 3 మీటర్ల లోతున త్రవ్విన గుంటలో సుమారు 2,50,000 లీటర్లు నిలుచును. అది రెండున్నర ఎకరములకు 25 మిల్లీమీటర్ల ఒక తడి. ఊడలు దిగు కాలమున ఆ ఒక్క తడియే పంటను నిలుపును. ఆ గుంటనే వరి మడికి వాడినచో వారము నిలువదు. వేరుశనగ యొక్కటినే నమ్ముకొనుటకంటె కొర్ర, రాగి, ఉలవ, కంది కలిపి వేసికొన్న నాటి పద్ధతి ఈ నేలకు తగినదని వ్యవసాయమెరిగినవారి మాట. అయితే వేరుశనగ రొక్కమునిచ్చినది, కొర్ర ఇయ్యలేదు. రైతును నిందించుట సులభము.

ఈ కరవు చరిత్రయే రాయచెర్లును క్రొత్త దారి పట్టించినది. తిరుమణి, బాలసముద్రము, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు ఊళ్ళ పొలములలో సుమారు 13,000 ఎకరములపై సూర్యశక్తి విద్యుత్కేంద్రము వెలసెను. 2018 మార్చిలో దాని మొదటిభాగము ఆరంభమైనది. 2019 తుదికి 2,050 మెగావాట్ల శక్తి సమకూడినది. భూమి కొనలేదు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంపుతో, దీర్ఘకాలపు కౌలునకు తీసికొనిరి. వానను నమ్మి పొందిన ఆదాయముకంటె ఇది నిలకడగలదనుటలో రైతులలో అధికులకు సందేహము లేదు. భూమి లేని కూలివారి సంగతి వేరు. పొలము పని పోయినది, కౌలు రాలేదు. మేకలకు మేత బీడు తగ్గినది.

నీటి దృష్టితో చూచిన ఈ 13,000 ఎకరములు ఏటికి సుమారు ఒక టీఎంసీ వానను అందుకొనుచున్నవి. ఒక టీఎంసీ అనగా వందకోట్ల ఘనపుటడుగులు. నేల చదును చేసి, పొదలు తీసి, బాటలు వేసి, గాజుపలకలు పరచినచోట నీటి నడక మారును. పలక అంచునుండి జారు నీరు ఒకే గీతమీద పడి నేలను కోయును. బాట వాగునకు అడ్డువచ్చినచోట కాలువ దారి తప్పును. పలకలక్రింద గడ్డిని పెరుగనిచ్చి, వరుసల నడుమ కందకములు తీసి, వాగులను పూర్వపు దారిలోనే వదలినచో అదే నేల చెరువులను నింపగల పెద్ద పరీవాహక ప్రదేశమగును. సాగు లేనందున నీరు తోడువారు కూడ అచ్చట తక్కువ. విద్యుత్కేంద్రమునకు దిగువనున్న చెరువులకు ఇది మేలో కీడో కాలువల స్థితినిబట్టి యుండును.

కౌలు గడువు 2040 దశకమున తీరును. పొలములు తిరిగి వచ్చునాటికి ఏ గట్టు ఎవరిది, ఏ వాగు ఏ చెరువునకు పోయెడిది అను సంగతి చెప్పగల పెద్దలు ఊళ్ళలో మిగులుట అరుదు. వారుండగానే నడచి చూపించిన వాలులను, వాగులను, పూడిన తలపరిగెలను సర్వే నంబర్లతో పటమున గుర్తించి, ఒక ప్రతిని పంచాయతీ కచేరీలోను, ఒకటి కేంద్రము నడుపువారియొద్దను ఉంచవలెను. ఏటేట మృగశిరకు ముందు ఆ పటము చేతబట్టుకొని కాలువలు తీయింపవలెను. ఈ పనికి పెద్ద పైకము అక్కరలేదు.