గాలితో పందెం

మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లకు వెళ్లినవారికి గ్యాసు బుడగల సంగతి వేరే చెప్పాలా? పిల్లవాడి చేతిలోంచి దారం జారిందంటే అంతే. అది యెటు పోతుందో అమ్మినవాడూ చెప్పలేడు, కొన్నవాడూ చెప్పలేడు. అటువంటి బుడగనే 500, 600 అడుగుల పొడవున కట్టి, ఇంజన్లు తగిలించి, 20 మంది మనుషుల్నీ బాంబుల్నీ యెక్కించి, చీకట్లో సముద్రం దాటించి శత్రుదేశం మీదికి తోలితే? మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు చేసింది ఆ పనే. ఆ గాలిఓడల పేరు జెప్పెలిన్లు. 1900 జూలై 2న మొదటిదాన్ని యెగరేసిన కౌంట్ జెప్పెలిన్ పేరే వాటికి స్థిరపడిపోయింది.

ఆ ఓడల మీద ఈ మధ్యకాలంలో ఒక ఆట వచ్చింది. పేరు 'జెప్పెలిన్ రైడర్'. గ్రెగరీ ఎం. స్మిత్ అనే ఆయన కూర్చగా, అమెరికాలో కంపాస్ గేమ్స్ వారు ప్రచురించారు. అట్ట పరుచుకుని పాచికలు వేసి ఆడేదే గాని, ఆడేవాడు ఒక్కడే! మన పులిమేకకు ఇద్దరుండాలి, చదరంగానికీ అంతే. ఇక్కడ యెదటి పీట ఖాళీ. ఆడేవాడు జర్మనీ నౌకాదళంలో ఒక గాలిఓడకు నాయకుడు. సముద్రం మీద కాపలా తిరగాలి, ఇంగ్లండు మీద బాంబులు వెయ్యాలి, వేసి ప్రాణాలతో తిరిగిరావాలి. అవతలివాడి యెత్తులన్నీ పాచికలూ, అచ్చు వేసిన పట్టికలూ వేస్తాయి. పాచికల మీద పడ్డ అంకెను పట్టికలో చూసుకుంటే ఆ రాత్రి మన నుదుట యేం రాసివుందో తెలుస్తుంది.

తనతో తాను ఆడి ఓడిపోవడం ఇదేం సరదా అని పెద్దవాళ్లు నవ్వవచ్చు. కాని జెప్పెలిన్ల చరిత్ర కాస్త తిరగేస్తే ఆ ఖాళీ పీట మీద యెవరు కూర్చున్నారో తెలుస్తుంది. గాలి!

1915 జనవరి 19 రాత్రి ఇంగ్లండు మీద మొట్టమొదటి దాడి జరిగింది. మూడు ఓడలు బయలుదేరాయి. ఒకటి ఇంజను చెడి వెనక్కి పోయింది. తక్కిన రెండూ హంబర్ నది ముఖద్వారానికి పోవలసినవి. గాలి వాటిని దక్షిణానికి నెట్టి నార్ఫోక్ తీరానికి చేర్చింది. గ్రేట్ యార్మత్‌లో చెప్పులు కుట్టుకునే ఒకాయన, 72 యేళ్ల ముసలమ్మ చనిపోయారు. కింగ్స్ లిన్‌లో 14 యేళ్ల కుర్రవాడు, అప్పటికే యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న 26 యేళ్ల పడుచు పోయారు. ఆ నలుగురి మీదా ఆ ఓడలవారికి పగ లేదు, వాళ్ల వూళ్లకు రావాలనీ లేదు. యుద్ధం ముగిసేనాటికి గాలిఓడల బాంబులకు బలైనవారు 557 మంది.

ఈ ఆటలో నాకు నచ్చని సంగతి ఇదే. పైనున్న వాళ్లందరికీ అందులో చోటుంది. కిందివాళ్లు అంకెలు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు మనమూ కిందివాళ్లమే.

అలాగని పైవాళ్ల బతుకు బంగారం కాదు. ఓడలో నింపేది ఉదజని వాయువు. దాన్ని పట్టివుంచే సంచులు ఆవుపేగుల పొరతో చేసినవి. ఒక్కొక్క ఓడకు రెండు లక్షలకు పైగా పశువులు కావలసివచ్చేవి. 1916లో ఇంగ్లీషు విమానాలకు నిప్పుగుళ్లు వచ్చాక ఒక్క రవ్వ చాలు, ఓడంతా కొరివి. బరువని పారాషూట్లు కూడా తీసుకుపోయేవారు కారు. మాతీ అనే పేరుమోసిన నాయకుడు 1916 అక్టోబరులో తగలబడుతున్న ఓడలోంచి దూకేసి చనిపోయాడు.

మన దేశానికీ ఒక గాలిఓడ రావలసింది. ఇంగ్లీషువారి ఆర్ 101. దానికోసం కరాచీలో కొండంత షెడ్డు కట్టి కూర్చున్నారు. 1930 అక్టోబరు 5న గాలివానలో ఫ్రాన్సులోనే కూలి కాలిపోయింది. 54 మందిలో 48 మంది దక్కలేదు.

గాలి యెదటి ఆటగాడంటే లండనువారికి వివరించి చెప్పాలేమో గాని మనవైపు ఎవరికీ చెప్పనక్కరలేదు. 1864 నవంబరులో బందరులో సుమారు 30,000 మంది పోయారు; 1977 నవంబరు 19న దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. ఆకాశం ప్రశాంతంగా వుందని నమ్మకూడదని మన పెద్దలకు తెలుసు.

1917 అక్టోబరు 19 రాత్రి జర్మన్లు నమ్మారు. 11 ఓడలు లేచాయి. కింద పిల్లగాలి. శత్రువుల విమానాలకు అందకుండా 16,000 అడుగులు దాటి పైకి పోయేసరికి అక్కడ ఉత్తరపు పెనుగాలి. తుపాకులు పెద్దగా పేలకుండానే ఓడలు ఫ్రాన్సు మీదికి కొట్టుకుపోయాయి. అయిదు నాశనమో, శత్రువుల పాలో అయ్యాయి. వాటిలో ఎల్ 50 అనే ఓడను నాయకుడు కావాలని నేలకు గుద్దించాడు. ముందు తొట్టి తెగి పడింది, చాలామంది దిగిపోయారు. బరువు తగ్గిన ఓడ మిగిలిన కొద్దిమందితో మళ్లీ పైకి లేచింది. దాన్ని నడిపే చుక్కాని చక్రం తెగిపడిన తొట్టిలోనే వుండిపోయింది. ఓడ మధ్యధరా సముద్రం వైపు పోవడం కొందరు చూశారు. తరవాత యెవరికీ కనబడలేదు.