ఎప్పుడు దక్కుతుందో తెలియని ఫలం

ఒక పనికి ఫలం దక్కడం వల్ల ఆ పని మళ్లీ జరిగే అవకాశం పెరగడాన్ని మనోవిజ్ఞాన శాస్త్రంలో పునర్బలనం అంటారు. ఆ ఫలం ఎంత అన్నదొక్కటే కాక, ఏ లెక్కన, ఎంత ఆగి అందుతుందన్నది కూడా ప్రవర్తన తీరును మలుస్తుందని ప్రయోగాలతో చూపినవారు అమెరికన్ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990).

ఈ పరిశోధనకు బాట వేసింది ఒక కొరత. 1930లలో ఆయన ప్రయోగపు పెట్టెలోని ఎలుకకు మీట నొక్కిన ప్రతిసారీ ఒక ఆహారపు గుళిక దొరికేది. ఆ గుళికలను స్వయంగా తయారు చేసుకోవలసి ఉండగా, ఒక శనివారం నాడు నిల్వ సోమవారం ఉదయంతో అయిపోతుందని లెక్క తేలడంతో, ఆయన నిమిషానికి ఒక్క గుళిక మాత్రమే అందే ఏర్పాటు చేశారు. ఎలుక మీట నొక్కడం మానలేదు సరికదా, ఒక నిలకడైన వేగానికి వచ్చింది. తరువాత చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి పావురాలపై సాగించిన విస్తృత ప్రయోగాలు 1957లో గ్రంథంగా వెలువడ్డాయి.

వెయ్యి బీడీలకు ఇంత కూలి అన్నట్టుగా నిర్ణీత సంఖ్యకు ఫలం ఇవ్వడం స్థిర నిష్పత్తి. ఇందులో పావురం మీటను ముక్కుతో చురుగ్గా పొడిచి, గింజలు దక్కాక కాసేపు ఆగుతుంది. నిర్ణీత సమయం గడిచాకనే ఫలమిచ్చే స్థిర కాలవ్యవధిలో మొదట మందకొడిగా ఉండి, గడువు దగ్గరపడేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆ గడువు మారుతూ ఉంటే నెమ్మదిగానే అయినా ఎడతెగకుండా పొడుస్తుంది.

అన్నిటికన్నా బలమైనది చర నిష్పత్తి. సగటున యాభై పోట్లకు ఒకసారి గింజలు పడతాయనుకున్నా, అవి మూడో పోటుకే రావచ్చు, నూరు దాటినా రాకపోవచ్చు. తరువాతి పోటే గింజలు తెచ్చే పోటు కావచ్చు కనుక పావురం దాదాపు ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. జూదపు యంత్రాలు నడిచేది ఈ పద్ధతిలోనేనని స్కిన్నర్ 1953లోనే రాశారు. ఫలం పూర్తిగా ఆగిపోయాక ప్రవర్తన సన్నగిల్లడాన్ని విరమణ అంటారు. ప్రతిసారీ ఫలం పొందినవాడికి తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే పొందినవాడికి ఆ లేమి అలవాటైనదే కాబట్టి విరమణ చాలా ఆలస్యమవుతుంది. పిల్లవాడి మారాముకు తొమ్మిదిసార్లు లొంగక పదోసారి లొంగే తల్లిదండ్రులు ఆ మారామును మరింత మొండిగా మారుస్తున్నట్టే.

జూదపు యంత్రాల్లాగే ఫలం ఎప్పుడు దక్కుతుందో తెలియని, డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. వాటిలో చిక్కుకున్న మనిషి మానలేకపోవడానికి మనోబలం లేకపోవడమే కారణమని తీర్పు చెప్పే ముందు, ఆ పట్టు ఫలం అందే తీరులోనే ఉందని ఇంటివారు గ్రహించాలి.